అంగట్లో పెట్టని ఆట

1985 ఫిబ్రవరి 3, ఆదివారం. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం, కార్వర్-హాకై అరీనా. ఆడుతున్నది అయోవా, ఒహాయో స్టేట్ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్లు. హాలులో పట్టేది పదిహేను వేల చిల్లర మంది. ఆ రోజు లోపలికి వచ్చినవాళ్లు 22,157 మంది. సీట్లు నిండాక మెట్ల మీద, నడవల్లో సర్దుకుని కూర్చున్నారు. మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌కు అంతవరకు అంత జనం ఎక్కడా రాలేదు.

అప్పట్లో అయోవాలో మహిళల క్రీడలకు వేరే విభాగం, వేరే డైరెక్టర్ ఉండేవారు. ఆ డైరెక్టర్ క్రిస్టీన్ గ్రాంట్, జట్టు కోచ్ సి. వివియన్ స్ట్రింగర్. అమ్మాయిల ఆటలు చూసుకోవడం తప్ప ఆ విభాగానికి మరో పని లేదు. ఈ చిన్న వివరాన్ని గుర్తుపెట్టుకోవాలి. కాలేజీ బాస్కెట్‌బాల్ మార్కెటింగ్‌లో ఆడ, మగ తేడా మీద మాట వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "అమ్మాయిల ఆట చూసేదెవరు?" ప్రేక్షకులు లేరు గనక డబ్బు పెట్టలేదనేది దాని వెనకున్న వాదన. నలభై ఏళ్ల లెక్కలు తిరగేస్తే వరుస తలకిందులుగా కనబడుతుంది. ఆటను జనం ముందు పెట్టినప్పుడల్లా జనం వచ్చారు, తీసి పక్కన పెట్టినప్పుడల్లా తగ్గారు. ఆ తగ్గుదలనే చూపించి, పక్కన పెట్టడం సబబేనన్నారు.

అయోవాకు ఈ ఆట కొత్తది కాదు. అక్కడి పల్లెటూరి హైస్కూళ్లలో ఆడపిల్లలు దశాబ్దాల పాటు ఆరుగురేసి జట్టుగా ఒక ప్రత్యేకమైన బాస్కెట్‌బాల్ ఆడారు. ముగ్గురు బంతి వేసేవాళ్లు, ముగ్గురు అడ్డుకునేవాళ్లు. మధ్య గీత దాటకూడదు, రెండుసార్లకు మించి బంతిని నేలకు కొట్టకూడదు. 1993 దాకా ఈ పద్ధతి నడిచింది. రాష్ట్ర స్థాయి పోటీలు డి మోయిన్‌లో జరిగితే ఊళ్లకు ఊళ్లే కదిలి వచ్చేవి, టీవీల్లో చూపించేవారు. 1968 ఫైనల్లో డెనీస్ లాంగ్ 64 పాయింట్లు చేస్తే ప్రత్యర్థి జనెట్ ఓల్సన్ 76 చేసింది, అయినా డెనీస్ జట్టే గెలిచింది. ఆ రాష్ట్రంలో తాతలూ నాయనమ్మలూ కూడా ఆడపిల్లల స్కోర్లు నోటికి చెప్పగలిగేవారంటే, అది వాళ్ల నెత్తుటిలో ఉన్న అభిరుచి కాదు. ఏటేటా పద్ధతిగా ముందు పెడితే అలవాటైన అభిరుచి.

దేశం మొత్తం మీదా ఇదే జరిగింది. అమెరికా కళాశాల క్రీడల పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ మహిళలకు బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మొదలుపెట్టింది 1982లో. మరుసటి ఏడు ఫైనల్‌ను సీబీఎస్ చూపించింది. షెరిల్ మిల్లర్ ఆడిన సదరన్ కాలిఫోర్నియా జట్టు లూసియానా టెక్‌ను ఓడించిన ఆ మ్యాచ్‌ను కోటీ 18 లక్షల మంది చూశారు. అప్పట్లో చానళ్లు తక్కువ, కాబట్టి ఆ అంకెను ఈనాటి అంకెల పక్కన యథాతథంగా పెట్టకూడదు. అయినా ఇంటింటికీ ఉచితంగా వచ్చే చానల్లో పెడితే అమ్మాయిల ఫైనల్‌ను అంతమంది చూస్తారని 1983లోనే తేలిపోయింది. 1996 నుంచి టోర్నమెంట్ డబ్బు కట్టి చూసే కేబుల్ చానల్ ఈఎస్‌పీఎన్‌కు వెళ్లింది. పాతికేళ్ల పాటు ఫైనల్ కూడా కేబుల్లోనే. 2021 ఫైనల్‌ను స్టాన్‌ఫర్డ్ గెలిచినప్పుడు చూసినవాళ్లు దాదాపు 41 లక్షల మంది.

ఆ 2021 మార్చిలోనే గుట్టు బయటపడింది. కోవిడ్ వల్ల మగవాళ్ల టోర్నమెంట్ మొత్తం ఇండియానాపొలిస్ ప్రాంతంలో, ఆడవాళ్లది శాన్ ఆంటోనియో ప్రాంతంలో పెట్టారు. స్టాన్‌ఫర్డ్ జట్టు ఫిట్‌నెస్ కోచ్ ఆలీ కెర్ష్‌నర్ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టింది. ఒకదాంట్లో వరసగా బెంచీలు, బార్లు, ఇనుప బరువులతో నిండిన హాలు. రెండోదాంట్లో ఒక చిన్న స్టాండు, దాని మీద కొన్ని డంబెల్స్, పక్కన యోగా చాపల దొంతి. చోటు చాలకపోవడం వల్ల అలా జరిగిందని ఎన్‌సీఏఏ సంజాయిషీ ఇచ్చింది. అప్పుడు ఆరెగాన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ ఫోన్ పట్టుకుని ప్రాక్టీసు కోర్టు దగ్గర నిలబడి, మొదట ఆ డంబెల్ స్టాండు చూపించి, తర్వాత కెమెరా అటు తిప్పింది. కోర్టు పక్కన హాలంతా ఖాళీ. నిమిషం కూడా లేని ఆ వీడియోను లక్షల మంది చూశారు. ఒకటి రెండు రోజుల్లో ఆ ఖాళీలో వ్యాయామ సామగ్రి దిగింది.

బరువులు కంటికి కనిపించాయి కాబట్టి గొడవైంది. కంటికి కనిపించనిది, అంతకంటే పెద్దది, పేరు. మార్చి నెలలో జరిగే ఈ నాకౌట్ టోర్నమెంట్‌ను అమెరికాలో 'మార్చ్ మ్యాడ్‌నెస్' అంటారు. ఆఫీసుల్లో, హాస్టళ్లలో ఎవరు గెలుస్తారో ముందే అంచనా వేసి బ్రాకెట్ కాగితం నింపుకుంటారు. అక్కడ చదువుకోవడానికి వెళ్లిన తెలుగు పిల్లలు కూడా మొదటి ఏడాదే ఈ సరదాలో పడిపోతారు. ఆ ట్రేడ్‌మార్క్ ఎన్‌సీఏఏ చేతిలో ఉన్నా, 2021 దాకా దాన్ని మగవాళ్ల టోర్నమెంట్‌కే వాడారు. ఆ పేరుతో ఉన్న యాప్ మగవాళ్లది, సోషల్ మీడియా ఖాతా మగవాళ్లది. ఆఖరి దశను కూడా మగవాళ్లకైతే 'ఫైనల్ ఫోర్' అన్నారు, ఆడవాళ్లకు వచ్చేసరికి 'విమెన్స్ ఫైనల్ ఫోర్' అయింది. విశేషణం లేనిది అసలుది, విశేషణం తగిలించినది దాని నకలు అనే భావం వినేవాళ్ల మనసులో దానంతటదే నాటుకుపోతుంది. జట్ల పేర్ల ముందు 'లేడీ' తగిలించే అలవాటు చేసిందీ అదే. టెనెసీలో కోచ్ పాట్ సమ్మిట్ గెలిచిన ఎనిమిది టైటిళ్లూ 'లేడీ వాల్స్' పేరు మీదే వచ్చాయి, అభిమానులు ఆ పేరును ప్రాణంగా చూసుకున్నారు కూడా. కాబట్టి మాటను తీసేయగానే అన్యాయం పోతుందనుకోవడం పొరపాటు. కానీ దేశమంతటికీ తెలిసిన పేరు, ఖర్చు లేకుండా వాడుకోగలిగిన పేరు చేతిలో ఉండి కూడా ఒక టోర్నమెంట్‌కు ఇవ్వకపోవడాన్ని అలవాటు అని సరిపెట్టుకోలేం.

గొడవ ముదిరాక ఎన్‌సీఏఏ ఒక న్యాయవాద సంస్థ చేత విచారణ చేయించింది. 2021 ఆగస్టులో వచ్చిన కాప్లన్ హెకర్ నివేదిక చదివితే మార్కెటింగ్ అంటే పోస్టర్లు, ప్రకటనలే అనుకునేవాళ్ల అభిప్రాయం మారిపోతుంది. అసలు తిరకాసు ఒప్పందాల్లో ఉంది. మగవాళ్ల టోర్నమెంట్ ప్రసార హక్కులను సీబీఎస్, టర్నర్ సంస్థలు 2010లో 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లకు కొన్నాయి, 2016లో మరో 880 కోట్లకు 2032 దాకా పొడిగించుకున్నాయి. ఆడవాళ్ల టోర్నమెంట్‌ను మాత్రం విడిగా అమ్మనే లేదు. రెండు డజన్లకు పైగా ఇతర ఆటల పోటీలతో కలిపి ఒకే మూటగా కట్టి ఈఎస్‌పీఎన్‌కు ఇచ్చారు. ఆ మూట మొత్తానికి సగటున ఏడాదికి 3.4 కోట్ల డాలర్లు.

స్పాన్సర్ల సంగతి ఇంకా విచిత్రం. ఎన్‌సీఏఏ పోటీలన్నిటికీ స్పాన్సర్లను తెచ్చే హక్కు కూడా సీబీఎస్-టర్నర్ చేతికే ఇచ్చారు. ఏదైనా కంపెనీ "మాకు అమ్మాయిల టోర్నమెంట్ చాలు, దానికే డబ్బు పెడతాం" అని వచ్చినా అలా కొనే దారి అప్పట్లో లేదు. మగవాళ్ల టోర్నమెంట్‌తో సహా మొత్తం కొనాల్సిందే. అమ్మేవాళ్లు తెరమీద చూపేది మగవాళ్ల ఆట, ఆడవాళ్ల ఆటను చూపేది వాళ్ల పోటీ చానల్. ఆడవాళ్ల ఆట విలువ పెంచాల్సిన అక్కర ఇక ఎవరికుంటుంది? నివేదిక కోసం లెక్క వేసిన ప్రసార రంగ నిపుణుడు ఎడ్ డెసర్, మహిళల టోర్నమెంట్‌ను విడిగా అమ్మితే 2025లో ఏడాదికి 8.1 కోట్ల నుంచి 11.2 కోట్ల డాలర్ల దాకా పలుకుతుందని తేల్చాడు. అంటే మూట మొత్తానికి వచ్చేదానికి కనీసం రెట్టింపుకు పైన. సరుకు మంచిదా కాదా అని తేలాలంటే ముందు దాన్ని అంగట్లో పెట్టాలి కదా. మన దగ్గరి అనుభవం కూడా ఇదే చెబుతుంది. 2023 జనవరిలో మహిళల ప్రీమియర్ లీగ్ ప్రసార హక్కులను ఐపీఎల్‌తో ముడిపెట్టకుండా విడిగా వేలం వేస్తే, ఒక్క మ్యాచ్ కూడా జరగకముందే అయిదేళ్లకు రూ.951 కోట్లు వచ్చింది.

2022 నుంచి అమ్మాయిల టోర్నమెంట్ కూడా మార్చ్ మ్యాడ్‌నెస్ అయింది. జట్ల సంఖ్య మగవాళ్లతో సమానంగా 68కి పెరిగింది. 'మెన్స్ ఫైనల్ ఫోర్' అని మగవాళ్లకూ విశేషణం తగిలించారు. 2023లో ఫైనల్‌ను, 1995 తర్వాత మొదటిసారి, ఉచిత చానల్లో పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం ఏబీసీలో లూసియానా స్టేట్, అయోవా ఆడితే 99 లక్షల మంది చూశారు. 2024 ఏప్రిల్ 7న క్లీవ్‌లాండ్‌లో సౌత్ కరొలైనా, అయోవా ఫైనల్‌కు కోటీ 89 లక్షల మంది. మర్నాటి రాత్రి మగవాళ్ల ఫైనల్‌కు కోటీ 48 లక్షలు. ఆడవాళ్ల ఫైనల్ మగవాళ్ల ఫైనల్‌ను దాటడం అదే మొదలు.

ఈ పోలికను పండగ చేసుకునేవాళ్లు ఒక విషయం వదిలేస్తారు. ఆ ఏడాది మగవాళ్ల ఫైనల్ కేబుల్ చానళ్లలో వచ్చింది, ఆడవాళ్లది ఉచిత చానల్లో. మరుసటి ఏడు మగవాళ్ల ఫైనల్ సీబీఎస్‌కు తిరిగి రాగానే కోటీ 81 లక్షలకు చేరింది. ఇది ఆడవాళ్ల విజయాన్ని తగ్గించే మాట అనుకోనక్కర్లేదు. మగవాళ్ల ఆట కూడా కేబుల్లోకి వెళ్తే తగ్గిందంటే, పాతికేళ్లు కేబుల్లో ఉంచిన ఆటకు జనం లేరని ఎలా అన్నారు?

ఇదంతా అయోవాకు ఆడిన కెయిట్లిన్ క్లార్క్ మహిమేనని అనేవాళ్లూ ఉన్నారు. అందులో నిజం చాలానే ఉంది. కోర్టు మధ్య గీత దగ్గర నుంచి బంతి విసిరి బుట్టలో వేసే ఆటగత్తె ఏ తరంలోనో ఒకసారి వస్తుంది. 2023 అక్టోబరులో అయోవా ఫుట్‌బాల్ స్టేడియంలో ఆరుబయట ఆడిన సన్నాహక మ్యాచ్‌కు 55,646 మంది వచ్చారు. ఆమె వెళ్లిపోయాక 2025 ఫైనల్‌ను చూసినవాళ్లు 85 లక్షలకు తగ్గిన మాటా నిజమే. ఆ ఫైనల్ 82-59తో ఏకపక్షంగా సాగింది కూడా. అయితే క్లార్క్ లేకుండా వచ్చిన ఆ 85 లక్షలు 2021 ఫైనల్‌కు రెట్టింపు. అంటే అటక మీద నుంచి దించిన ఆట దించినచోటే నిలబడింది. సౌత్ కరొలైనా మైదానం ఇంకో సాక్ష్యం. కోచ్ డాన్ స్టేలీ 2008లో అక్కడికి వచ్చినప్పుడు 18 వేల సీట్ల హాలు చాలావరకు ఖాళీగా ఉండేది. ఊళ్లోకి వెళ్లి, జనంతో కలిసి, జట్టును ఊరి సొంతం చేసింది. 2015 నుంచి దేశంలో అమ్మాయిల మ్యాచ్‌లకు ఎక్కువ జనం వచ్చేది ఆ హాలుకే.

క్లార్క్ రికార్డుల వేటలోనే పాత గాయం ఒకటి బయటికి వచ్చింది. 2024 ఫిబ్రవరి 15న ఆమె కెల్సీ ప్లమ్ చేసిన 3,527 పాయింట్లు దాటగానే మహిళల రికార్డు బద్దలైందని ఊరూవాడా చాటారు. కానీ కాన్సస్‌లో లినెట్ వుడర్డ్ 1981 నాటికే 3,649 పాయింట్లు చేసింది. అప్పటికి అమ్మాయిల ఆటలను నడిపింది ఏఐఏడబ్ల్యూ అనే సంఘం. ఎన్‌సీఏఏ పుస్తకంలో ఆ కాలానికి చోటు లేదు. మగవాళ్ల విషయంలో 1960ల చివరి పీట్ మరావిచ్ పాయింట్లు ప్రతి పత్రికలో వచ్చాయి. చరిత్ర కూడా అమ్మకానికి పనికొచ్చే సరుకే. అమ్మమ్మ చూసిన ఆటను మనవరాలికి చెప్పుకునేలా చేసేది అదే. ఆ సరుకును కూడా ఆడవాళ్లకు సగం నుంచి మొదలుపెట్టి ఇచ్చారు.

చట్టం ఏం చేస్తోందన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రభుత్వ నిధులు తీసుకునే చదువుసంస్థల్లో స్త్రీ పురుష వివక్షను నిషేధించింది. 1975 నిబంధనల్లో క్రీడలకు సమాన అవకాశం ఉందో లేదో చూడటానికి పది అంశాలు రాశారు. పదోది ప్రచారం. జట్టు గురించి పత్రికలకు సమాచారం ఇచ్చే ఉద్యోగులు ఎంతమంది, ఎంత అనుభవమున్నవాళ్లు, ఎన్ని పుస్తకాలు, పోస్టర్లు వేస్తున్నారు అని 1979 వివరణ ఇంకా విడమరిచింది. తనిఖీల్లో బ్యాండు, చీర్‌లీడర్లు ఎవరి మ్యాచ్‌లకు వస్తున్నారన్నది కూడా చూస్తారు. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా, స్కాలర్‌షిప్పులు, జట్ల సంఖ్య మీద నడిచినన్ని కేసులు ఈ పదో అంశం మీద నడవలేదు. సీట్లు లెక్కపెట్టడం సులువు, ఉత్సాహాన్ని లెక్కపెట్టడం కష్టం. పైగా ఈ చట్టం విశ్వవిద్యాలయాలకు వర్తిస్తుంది గానీ, వాటి నుంచి చందాలు తీసుకున్నంత మాత్రాన ఎన్‌సీఏఏకు వర్తించదని 1999లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. తీర్పు రాసింది స్త్రీల సమాన హక్కుల కోసం వాదించి పేరు తెచ్చుకున్న న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. అన్నిటికంటే పెద్ద అంగడి, అంటే మార్చి టోర్నమెంట్, అలా చట్టానికి అవతల మిగిలిపోయింది.

అసలు చిక్కుముడి మారియన్ స్టాన్లీ కేసులో కనిపిస్తుంది. ఆమె సదరన్ కాలిఫోర్నియా అమ్మాయిల జట్టు కోచ్. 1993లో మగవాళ్ల కోచ్ జార్జ్ రావెలింగ్‌తో సమానంగా జీతం అడిగింది, బేరం తెగలేదు, ఉద్యోగం పోయింది. కోర్టుకు వెళ్తే 1994లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆమె వైపు మొగ్గలేదు. రావెలింగ్ మీద ప్రచారం, ప్రసంగాలు, ఆదాయం తెచ్చే బాధ్యత ఎక్కువ ఉన్నాయంది. మగవాళ్ల జట్టు ఆదాయం 90 రెట్లు ఎక్కువని లెక్క చూపింది. ఆ తేడాకు మూలం వివక్షలోనే ఉందన్న స్టాన్లీ వాదన నిలవలేదు. ప్రచారం చేయించలేదు కాబట్టి ఆదాయం లేదు, ఆదాయం లేదు కాబట్టి జీతం లేదు, అది న్యాయమే అన్నట్టయింది. షెరిల్ మిల్లర్ ఆడగా కోటీ 18 లక్షల మంది చూసిన జట్టు అదే విశ్వవిద్యాలయానిది.

డబ్బు పంపకంలో కూడా ఈ వలయమే నడిచింది. మగవాళ్ల టోర్నమెంట్‌లో ఫైనల్ తప్ప ఒక జట్టు ఆడే ప్రతి మ్యాచ్‌కూ దాని కాన్ఫరెన్సుకు, అంటే అది చేరిన విశ్వవిద్యాలయాల కూటమికి, 'యూనిట్' అనే వాటా వస్తుంది. ఆరేళ్లలో అది దాదాపు 20 లక్షల డాలర్లు. 2024 దాకా అమ్మాయిలు టైటిల్ గెలిచినా వచ్చింది సున్నా. అమ్మాయిల జట్టు మీద ఖర్చు పెట్టమని ఏ క్రీడా డైరెక్టర్‌కైనా చెప్పడానికి అంతకంటే గట్టి అడ్డంకి ఏముంటుంది? 2025 జనవరిలో ఎన్‌సీఏఏ సభ్యులు 292-0 ఓట్లతో అమ్మాయిలకూ యూనిట్లు ఇచ్చారు. మొదటి ఏడు 1.5 కోట్ల డాలర్లు, 2028 నాటికి 2.5 కోట్లు. దానికి దారి వేసింది 2024లో ఈఎస్‌పీఎన్‌తో కుదిరిన కొత్త ఒప్పందం. ఎనిమిదేళ్లకు 92 కోట్ల డాలర్లు. అందులో మహిళల బాస్కెట్‌బాల్ విలువను ఏడాదికి 6.5 కోట్లుగా కట్టారు. పాత మూటతో పోలిస్తే ఎంతో మెరుగు. అయినా ఇదీ నలభై పోటీల మూటే. డెసర్ చెప్పిన 8.1 కోట్ల కింది అంచనాకు కూడా ఇది చేరలేదు. విడిగా వేలం వేసి ఉంటే ఎంత పలికేదో తెలుసుకునే అవకాశం 2032 దాకా పోయింది. ప్రేక్షకుల సంఖ్య ఆకాశానికి అంటిన 2024 వసంతానికి మూడు నెలల ముందే సంతకాలు అయిపోవడం ఇంకా బాధ కలిగించే సంగతి.

2021 జులై 1 నుంచి కాలేజీ క్రీడాకారులు తమ పేరు, బొమ్మ అమ్ముకోవచ్చన్నారు. ఆ అర్ధరాత్రి దాటగానే మొదటి ఒప్పందాల్లో ఒకటి చేసుకున్నది ఫ్రెస్నో స్టేట్‌లో ఆడే కవల అక్కచెల్లెళ్లు హానా, హేలీ కావిండర్. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో వాళ్ల బొమ్మ వెలిగింది. కనెక్టికట్‌కు ఆడే పేజ్ బూకర్స్ ఆ నవంబరులో క్రీడా పానీయాల కంపెనీ గేటొరేడ్ ఒప్పందం చేసుకున్న మొదటి కాలేజీ క్రీడాకారిణి అయింది. అమ్మాయిల్లో చాలామందికి కాలేజీ తర్వాత పెద్ద జీతం ఉండదు, కాబట్టి ఈ నాలుగేళ్ల సంపాదనకు విలువ ఎక్కువ. కాకపోతే విశ్వవిద్యాలయం చేయాల్సిన ప్రచారం పిల్లల నెత్తిన పడింది. ప్రాక్టీసు, క్లాసు, ఆ పైన రోజుకో వీడియో. అందులోనూ కంపెనీలు ఆట కంటే అందానికి, కొన్ని రకాల అందాలకే, ఎక్కువ ధర కట్టే ప్రమాదం ఉంది. బుట్టలో పడక వెనక్కొచ్చిన బంతుల్ని (రీబౌండ్లు) నిలకడగా పట్టే అమ్మాయికి ఆ అంగట్లో దొరికేది తక్కువ.

2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన హౌస్ ఒప్పందం (ఎన్‌సీఏఏ మీద క్రీడాకారులు వేసిన దావాలో కుదిరిన రాజీ) ఈ లెక్కలన్నిటినీ ఒకచోటికి తెచ్చింది. ఇన్నేళ్లూ క్రీడాకారులకు దక్కనిదానికి పరిహారంగా 280 కోట్ల డాలర్లు. ఎవరికెంత అన్నది ప్రధానంగా ప్రసార విలువను బట్టి కట్టారు. ఫుట్‌బాల్, మగవాళ్ల బాస్కెట్‌బాల్ కలిపి దాదాపు 90 శాతం. ఆడవాళ్ల బాస్కెట్‌బాల్‌కు దాదాపు 5 శాతం. ఆ జులై నుంచి విశ్వవిద్యాలయాలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చన్నారు, మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా. చాలా పెద్ద విశ్వవిద్యాలయాలు ఆ పంపకానికి కూడా ఇదే నిష్పత్తిని కొలబద్దగా పట్టుకున్నాయి. ఇలాంటి చెల్లింపులకు టైటిల్ నైన్ వర్తిస్తుందని అమెరికా విద్యాశాఖ 2025 జనవరిలో మార్గదర్శకం ఇచ్చింది, ప్రభుత్వం మారగానే ఫిబ్రవరిలో వెనక్కి తీసుకుంది. మూటలో కట్టి అమ్మిన కాలంలో పలికిన ధరే ఇప్పుడు పరిహారానికి ప్రమాణమైంది.

ఆమోదం వచ్చిన వారంలోపే ఎనిమిది మంది క్రీడాకారిణులు దీన్ని సవాలు చేశారు. ఆ అప్పీలుతో పరిహారం చెల్లింపు ఆగింది. వాళ్లు వెళ్లింది తొమ్మిదో సర్క్యూట్ కోర్టుకు, ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట మారియన్ స్టాన్లీ తలుపు తట్టిన చోటికే.